అప్పకి (మా అక్కకి) రొమ్ము క్యాన్సర్, గురువారమే ఆపరేషన్ అంటున్నారు. మొత్తం తీయాలా, గడ్డ వరకే తీయొచ్చా?

ఆమదాలవలస_చెల్లి · జూన్ 3, రాత్రి 10.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు.

మా అప్పకి 47 ఏళ్ళు. ఇంటి దగ్గరే బ్లౌజులు కుడుతుంది. నెల కిందట స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో, చంక వైపు, గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. నేనే లాక్కెళ్ళి చూపించాను. మామోగ్రామ్‌లో 2.4 సెంటీమీటర్లు అని వచ్చింది. సన్న సూదితో తీసి పరీక్ష చేశారు. నిన్న క్యాన్సర్ అని చెప్పారు.

డాక్టర్ గారు మాతో మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా లేదు. "మొత్తం తీసేద్దాం, గురువారం ఖాళీ ఉంది, రేపు అడ్వాన్స్ కట్టండి" అన్నారు. బావ, నాన్న, పెద్ద మావయ్య ముగ్గురూ "తీసేస్తే బెంగ పోతుంది" అని అక్కడే ఒప్పేసుకున్నారు. అప్పని ఎవరూ అడగలేదు. రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ నాతో ఒక్క మాట అంది: "మొత్తం తియ్యకపోతే బతకనా అమ్మీ? అదొక్కటి కనుక్కో."

మధ్యలో ఒక్క రోజే ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

నాగావళి_తీరం · జూన్ 3, రాత్రి 11.15

అమ్మా, ఈ రాత్రి మీ ఇద్దరికీ నిద్ర పట్టదు. అయినా ఆవిడ చేత రెండు ముద్దలు తినిపించండి.

నేను శ్రీకాకుళంలో టీచర్‌ని. 2019లో నాకు ఎడమవైపు మొత్తం తీశారు. ఇవాళ్టికి బాగున్నాను, బడికి వెళ్తున్నాను. మొత్తం తీయించుకున్నదాన్ని కాబట్టే ధైర్యంగా చెబుతున్నాను, గురువారం వద్దు. ఆ గడ్డ నిన్న పుట్టింది కాదు. చేతికి తగిలే సైజుకి రావడానికే మామూలుగా చాలా కాలం పడుతుంది. పరీక్షలన్నీ చేయించి, ఇంకో డాక్టర్‌ని కలిసి, రెండు మూడు వారాల్లో నిర్ణయించుకుంటే కొంప మునగదు. నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం తప్పు.

నాకు మొత్తం ఎందుకు తీశారంటే, ఒకే రొమ్ములో మూడు వేర్వేరు చోట్ల గడ్డలున్నాయి. మీ అప్పకి ఒక్కటే ఉంటే లెక్క వేరు.

సర్జరీ_పీజీ · జూన్ 4, ఉదయం 6.05

నేను జనరల్ సర్జరీ పీజీ చేస్తున్నాను. మీ అప్పగారిని చూడలేదు. ఇదంతా ఆవిడ డాక్టర్‌ని అడగడానికి పనికొచ్చే సమాచారంగా తీసుకోండి.

ఆవిడ ప్రశ్నకి సూటిగా జవాబు: మొదటి దశలో, గడ్డ ఒకే చోట ఉండి, రొమ్ము సైజుతో పోలిస్తే చిన్నదైతే, గడ్డ వరకే తీసి తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్ళూ, మొత్తం తీయించుకున్నవాళ్ళూ ఒకే లెక్కన బతుకుతున్నారు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976లో మొదలుపెట్టి 1,851 మందిని, ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరొనేసీ బృందం 701 మందిని గమనించి, ఇరవై ఏళ్ళ ఫలితాలు 2002లో ప్రచురించారు. రెండు చోట్లా ప్రాణం విషయంలో తేడా కనిపించలేదు.

అయితే ఫిషర్ అధ్యయనంలోనే ఇంకో సంగతుంది. గడ్డ తీశాక కరెంటు పెట్టించుకోనివాళ్ళలో ఇరవై ఏళ్ళలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్ళీ వచ్చింది. పెట్టించుకున్నవాళ్ళలో 14 మందికే వచ్చింది. ఇప్పటి మందులతో, మెషీన్లతో ఇంకా తగ్గింది. అంటే గడ్డ వరకే తీయించుకుంటానన్నవాళ్ళు కరెంటు పూర్తిగా పెట్టించుకుంటాననే మాట మీద ఒప్పుకోవాలి. 70 దాటి, చిన్న గడ్డ, హార్మోన్ రకం అయిన కొందరికి మాత్రం గడ్డ తీశాక కరెంటు లేకుండా హార్మోన్ బిళ్ళలతోనే సరిపెడతారు. మీ అప్పగారికి అది వర్తించదు.

గురువారం ఎందుకు వద్దో కూడా చెబుతాను. సన్న సూదితో తీసింది క్యాన్సర్ కణాలున్నాయని మాత్రమే చెబుతుంది. అది ఏ రకమో తెలియాలంటే లావు సూదితో ముక్క తీసే బయాప్సీ కావాలి. అందులో ఈఆర్, పీఆర్ (హార్మోన్లతో పెరిగే రకమా అని), హెర్2 (ఆ పేరుగల ప్రోటీన్ ఎక్కువుందా అని) మూడు పరీక్షలు చేస్తారు. రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డ హెర్2 పాజిటివ్ అయినా, మూడూ నెగటివ్ అయినా, చాలాసార్లు ముందు కీమో (క్యాన్సర్ కణాల్ని చంపే మందులు) ఇచ్చి గడ్డ కరిగించి ఆ తర్వాతే ఆపరేషన్ చేస్తారు. ఆ రిపోర్ట్ లేకుండా ఆపరేషన్ డేట్ ఇవ్వడం ఊరు పేరు అడక్కుండా బస్ టికెట్ కొట్టడం లాంటిది.

ఇంకో మాట. 50 లోపు వచ్చినవాళ్ళు జన్యు పరీక్ష గురించి అడగాలి. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉందని తేలితే ఆపరేషన్ నిర్ణయమే మారొచ్చు.

పలాస_పెద్దాయన · జూన్ 4, ఉదయం 8.30

పీజీ బాబూ, చదువుకున్నవాడివి, కాదనను. కానీ మా అమ్మ 1994లో ఈ జబ్బుతోనే పోయింది. ముందు చిన్న ముక్క తీశారు. ఆర్నెల్లకి ఒళ్ళంతా పాకింది. సూది గుచ్చితే, కత్తి తగిలితే రేగుతుందని అప్పుడే అన్నారు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదని నా నమ్మకం. కరెంటు కోసం నెల రోజులు విశాఖలో ఎవరుంటారు? ఇంటికో మనిషి కూలి పోతుంది.

సర్జరీ_పీజీ · జూన్ 4, ఉదయం 9.10

పెద్దాయనగారూ, అమ్మగారి విషయం బాధాకరం. ఆవిడకి పాకింది సూది వల్ల కాదండీ. అప్పటికే కణాలు రక్తంలో బయల్దేరి ఉంటాయి.

మీరన్న నమ్మకం ఒకప్పుడు డాక్టర్లందరిదీ. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్, ఈ జబ్బు చెట్టు వేళ్ళలా పక్కపక్కనే పాకుతుంది, కాబట్టి చుట్టూ ఎంత తవ్వితే అంత మేలు అనుకున్నారు. రొమ్ముతో పాటు ఛాతీ కండరం, చంకలోని గ్రంథులు అన్నీ తీసేసేవారు. దాదాపు ఎనభై ఏళ్ళు ప్రపంచమంతా అదే చేసింది. ఫిషర్ అడిగింది ఒకటే: కణాలు ముందే రక్తంలో వెళ్ళిపోయి ఉంటే ఛాతీ మీద ఎంత తవ్వితే ఏం లాభం? అలా పోయినవాటిని ఆపేవి మందులు. కత్తి పని గడ్డ ఉన్నచోటే. ఆ ఆలోచన నిజమని తేలాకే ఆపరేషన్లు చిన్నవయ్యాయి.

మొత్తం తీసినా కరెంటు తప్పించుకోవచ్చని లెక్క వేసుకోకండి. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగో అంతకంటే ఎక్కువో గ్రంథుల్లో జబ్బు ఉన్నా, మొత్తం తీశాక కూడా పెడతారు.

బొబ్బిలి_వీణ · జూన్ 4, మధ్యాహ్నం 1.20

చెల్లీ, నా సంగతి విని గురువారం ఆపించు. నాకు 39. ఒక నర్సింగ్ హోమ్‌లో "కొవ్వు గడ్డ, పది నిమిషాల పని" అని ముందు బయాప్సీ లేకుండానే కోసి తీసేశారు. తీసింది ముక్కలు ముక్కలుగా డబ్బాలో వేసి చేతికిచ్చారు. ల్యాబ్‌లో క్యాన్సర్ అని వచ్చింది. కానీ ఏ ముక్క ఏ వైపుదో, అంచుల్లో ఇంకా మిగిలిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

సరిగ్గా చేసే చోట తీసిన గడ్డకి పైభాగం ఇది, పక్క ఇది అని దారంతో గుర్తు కడతారట. ల్యాబ్‌లో దాని చుట్టూ సిరా పూసి, ఆ సిరా దాకా క్యాన్సర్ కణం వచ్చిందా అని చూస్తారు. రాకపోతే అంచు శుభ్రం. నాకు ఆ అవకాశం పోయి రెండోసారి కోయించుకున్నాను. తర్వాత 15 రోజులు కరెంటు. రొమ్ము మాత్రం నిలిచింది. కొంచెం లోపలికి గుంట పడింది, అంతే.

అంచు శుభ్రం కాకపోతే రెండో ఆపరేషన్ ఉంటుందని మీ అప్పకి ముందే చెప్పండి. మధ్యలో తెలిస్తే గుండె జారుతుంది.

చీపురుపల్లి_వాసి · జూన్ 4, రాత్రి 9.50

నేను రాయాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట నా భార్యకి వచ్చింది. నేనూ మా అన్నయ్యలూ డాక్టర్ గదిలో కూర్చుని నిర్ణయించేశాం. తను బయట బెంచీ మీద సంచీ పట్టుకుని కూర్చుంది. మొత్తం తీశారు. వైద్యంగా అది తప్పని నేననను, ఇప్పుడు బాగానే ఉంది. కానీ తర్వాత రెండేళ్ళు మా ఇంట్లో బీరువా అద్దానికి తువ్వాలు వేలాడుతూనే ఉండేది. ఎందుకో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒకరోజు అడిగింది, "ఆ రోజు నన్ను లోపలికి పిలవొచ్చు కదా" అని. జవాబు లేకపోయింది.

మీ బావగారికి నా మాటగా చెప్పండి. ఆవిడని గదిలోకి తీసుకెళ్ళి, డాక్టర్‌కి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ నోటితోనే అడగనివ్వండి. ఆవిడ మొత్తం తీయమన్నా సరే, అది ఆవిడ మాట అవ్వాలి.

ఆమదాలవలస_చెల్లి · జూన్ 6, రాత్రి 8.15

అందరికీ చేతులెత్తి దండం. గురువారం ఆపేశాం. చీపురుపల్లి వాసి గారూ, మీ పోస్ట్ బావ చేత చదివించాను. చదివి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి "తనకి ఎలా ఇష్టమైతే అలాగే" అన్నాడు.

ఇవాళ విశాఖ దగ్గర అగనంపూడి వెళ్ళాం, టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి. తెల్లవారుజామునే రైలెక్కి దువ్వాడలో దిగి ఆటోలో వెళ్ళాం. రెండు వైపులా మామోగ్రామ్, చంకకి స్కానింగ్, లావు సూది బయాప్సీ. సూది వదిలినప్పుడు టక్కున పెద్ద శబ్దం వస్తుందని ముందే చెప్పారు, అందుకే అప్ప ఉలిక్కిపడలేదు. చంకలో అనుమానంగా ఏమీ లేవన్నారు. రిపోర్ట్ వారంలో.

కరెంటు గురించి ఎవరైనా వివరంగా చెప్పగలరా? ఇంట్లో ఇప్పుడు భయమంతా దాని మీదే ఉంది.

గజపతినగరం_రిటైర్డ్ · జూన్ 7, ఉదయం 7.40

నేను రేడియేషన్ మెషీన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను.

దాన్ని కరెంటు అంటాం కానీ షాక్ ఏమీ ఉండదమ్మా. ఎక్స్‌రే లాంటిదే, బలం ఎక్కువ. బల్ల మీద పడుకుని చెయ్యి తల మీదకి పెట్టుకోవాలి. మెషీన్ చుట్టూ తిరుగుతుంది. పది, పదిహేను నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. నొప్పి తెలియదు. రెండో వారం దాటాక చర్మం ఎండ తగిలినట్టు కమిలి నల్లబడుతుంది, నీరసం ఉంటుంది. అది అయ్యాక ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు. ఒంట్లో ఏమీ మిగలదు. ఈ అపోహతో మనవల్ని దగ్గరికి రానివ్వని అమ్మమ్మల్ని ఎందర్నో చూశాను.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఐదు వారాలు, 25 సార్లు పెట్టేవాళ్ళం. ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 సార్లతో సరిపోతుంది. కొన్ని చోట్ల ఎంపిక చేసినవాళ్ళకి ఒక్క వారంలో ఐదుసార్లే పెడుతున్నారు. గడ్డ ఉన్నచోట అదనంగా కొన్ని డోసులు కలపొచ్చు. శని, ఆదివారాలు సెలవు.

చెయ్యి తల మీదకి ఎత్తగలగాలి, అది ముఖ్యం. ఆపరేషన్ అయ్యాక భుజం బిగుసుకుపోయి చెయ్యి ఎత్తలేక కరెంటు వాయిదా పడ్డవాళ్ళున్నారు. వ్యాయామం మానొద్దు.

రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే మాట్లాడండి. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆ పథకంలో ఉన్నాయి. బయట చేయించుకునే పరీక్షల ఖర్చు మాత్రం చేతిలో ఉంచుకోండి.

ఆమదాలవలస_చెల్లి · జూన్ 12, సాయంత్రం 5.30

రిపోర్ట్ వచ్చింది. ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, గ్రేడ్ 2. హెర్2 దగ్గర మాత్రం "2 ప్లస్" అని ఉంది. ఇది పాజిటివా, నెగటివా? మళ్ళీ ఇంకో టెస్ట్ అంటున్నారు, పది రోజులట. మాకు చాలా టెన్షన్‌గా ఉంది.

సర్జరీ_పీజీ · జూన్ 12, సాయంత్రం 6.10

2 ప్లస్ అంటే అటూ ఇటూ తేలనిది. 0, 1 ప్లస్ అయితే నెగటివ్, 3 ప్లస్ అయితే పాజిటివ్. మధ్యలో వచ్చిందాన్ని ఫిష్ అనే పరీక్షతో తేలుస్తారు. అదే ముక్క మీద చేస్తారు, మళ్ళీ సూది గుచ్చరు. ఈ పది రోజులు ఆగాల్సిందే. హెర్2 పాజిటివ్ అయితే దానికి ప్రత్యేకంగా ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉంది, మన దేశంలోనే తయారవుతోంది. అప్పుడు కీమోతో మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

అలా కీమో ముందు ఇస్తే, గడ్డ ఉన్నచోట చిన్న లోహపు క్లిప్ పెట్టమని అడగండి. గడ్డ పూర్తిగా కరిగిపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కి అదే గుర్తు.

పలాస_పెద్దాయన · జూన్ 13, ఉదయం 8.00

ఈ పది రోజులూ ఊరికే ఉండడమెందుకు? మా వైపు ఒకాయన ఆకు పసరు కట్టు కడతాడు. కొందరికి గడ్డ మెత్తబడిందని విన్నాను.

నాగావళి_తీరం · జూన్ 13, ఉదయం 8.45

అన్నయ్యగారూ, మీది మంచి మనసని తెలుసు. కానీ ఇది మాత్రం వద్దు. నాతో పాటు కీమో బెంచీ మీద కూర్చున్న ఒకావిడ ఎనిమిది నెలలు పసరు కట్టించుకుని వచ్చింది. పసరుకి చర్మం పుండై, గడ్డ బయటికి వచ్చేసింది. మొదట వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది. చెల్లీ, గడ్డ మీద ఏమీ రాయొద్దు, పిసకొద్దు.

పలాస_పెద్దాయన · జూన్ 13, ఉదయం 9.20

సరే అమ్మా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్ల బాగుండాలి, అంతే.

ఆమదాలవలస_చెల్లి · జూన్ 24, రాత్రి 9.00

ఫిష్ నెగటివ్! జన్యు పరీక్షలో కూడా ఏమీ లేదు.

ఇవాళ అప్పే డాక్టర్‌కి ఎదురుగా కూర్చుంది. నేను కాగితం మీద ప్రశ్నలు రాసిచ్చాను కానీ అది తీయలేదు. మొదట అడిగింది, "నేను మిషన్ కుట్టాలి, ఏ ఆపరేషన్‌లో నా కుడి చెయ్యి బాగుంటుంది" అని. ఆ మేడమ్ పెన్ను పక్కన పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

చేతికి ఇబ్బంది తెచ్చేది రొమ్ము కంటే చంకలో చేసే పనేనట. చంకలో గ్రంథులన్నీ తీసేస్తే దాదాపు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాపు వస్తుంది. అందుకే సెంటినెల్ నోడ్ అని, గడ్డ నుంచి వచ్చే నీరు ముందుగా చేరే రెండు మూడు గ్రంథుల్ని నీలం రంగు ఎక్కించి గుర్తుపట్టి వాటినే తీసి చూస్తారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావి ముట్టుకోరు. అలా చేస్తే వాపు వచ్చేది నూటికి ఐదుగురికే అన్నారు. స్కానింగ్‌లో చంక శుభ్రంగా ఉంది కాబట్టి అప్పకి అది కుదురుతుందన్నారు.

"రెండోది కూడా తీసేస్తే ఇంక భయమే ఉండదు కదా" అని నాన్న అడిగారు. జన్యు మార్పు లేనివాళ్ళకి అలా తీసినందువల్ల ఆయుష్షు పెరగదని మేడమ్ చెప్పారు. మొత్తం తీయించుకుంటే వీపు కండరంతోనో, పొట్ట దగ్గరి కొవ్వుతోనో, సిలికాన్‌తోనో మళ్ళీ ఆకారం తేవచ్చని, అది వెంటనే కాకపోయినా తర్వాత కూడా చేయించుకోవచ్చని అవీ చెప్పారు.

అంతా విని అప్ప "గడ్డ వరకే తియ్యండి, కరెంటుకి వస్తాను" అంది. జులై 3న ఆపరేషన్.

నాగావళి_తీరం · జూన్ 24, రాత్రి 9.40

ఆవిడ అడిగిన ప్రశ్న నేను నా అప్పుడు అడగలేదు. చాలా సంతోషం.

మొత్తం తీయించుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, వాళ్ళ కోసం ఒక మాట. మొదటి నెల కుట్లు పచ్చిగా ఉంటాయి. మెత్తని జాకెట్టు లోపల పొందూరు పత్తితో చిన్న దిండు కుట్టించి పెట్టుకున్నాను. తర్వాత సిలికాన్‌ది కొనుక్కున్నాను. బరువు సమానంగా లేకపోతే భుజం ఒక పక్కకి వంగిపోతుంది, అది అందం కోసం మాత్రమే కాదు. గాయంలో చేరే నీరు సీసాలోకి పోవడానికి పెట్టే డ్రెయిన్ పైపు నాకు 11 రోజులుంది. ఆ సీసా చేత్తో పట్టుకు తిరగడమే పెద్ద కష్టం. మెడలో వేసుకునే గుడ్డ సంచీ ఒకటి కుట్టించుకోండి.

నెల్లిమర్ల_ఫిజియో · జూన్ 25, ఉదయం 7.15

ఆపరేషన్ మర్నాటి నుంచే వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి కదపాలి. భుజం పైకెత్తే వ్యాయామాలు డాక్టర్ చెప్పాకే మొదలుపెట్టండి. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించడం మంచిది. ఎంతవరకు వెళ్ళిందో పెన్సిల్‌తో గీత గీసి, రోజూ గీత దాటించండి. చంక కింద, చెయ్యి లోపలివైపు మొద్దుబారినట్టుంటే భయపడొద్దు, అక్కడో చిన్న నరం దెబ్బతింటుంది. చాలావరకు తగ్గుతుంది.

కుట్టుపని మొదట పావుగంట చాలు. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుగు తప్పనిసరి. గ్రంథులు తీసిన చేతికి చిన్న గాయమైనా వెంటనే కడిగి మందు రాయాలి.

ఆమదాలవలస_చెల్లి · జులై 16, సాయంత్రం 6.45

ఆపరేషన్ బాగా జరిగింది. ముందే చెప్పినా, మర్నాడు మూత్రం నీలి ఆకుపచ్చగా వచ్చేసరికి బావ హడలిపోయి నర్సుని పిలిచాడు. ఆ రంగు మందు వల్లేనట, రెండ్రోజుల్లో పోయింది.

ఫైనల్ రిపోర్ట్ ఇవాళ వచ్చింది. గడ్డ 2.2 సెంటీమీటర్లు. అంచులన్నీ శుభ్రం. సెంటినెల్ గ్రంథులు మూడు తీశారు, మూడింట్లోనూ ఏమీ లేదు. కీమో అవసరమా, హార్మోన్ బిళ్ళలు చాలా అన్నది డాక్టర్లంతా సోమవారం కూర్చుని చెబుతారు. కీమో ఉంటే కరెంటు దాని తర్వాత.

నాగావళి గారూ, మీ మాట విని అప్ప ఆపరేషన్‌కి ముందే బ్లౌజు ముక్కలతో డ్రెయిన్ సంచీలు నాలుగు కుట్టింది. తనకి డ్రెయిన్ పెట్టలేదు. వార్డులో మొత్తం తీయించుకున్నవాళ్ళు ముగ్గురున్నారు, పక్క మంచాలవాళ్ళకి ఇచ్చేసింది. నాలుగోది నర్సమ్మ దాచుకుంది. డిశ్చార్జ్ రోజు ఆవిడ "ఇంకో పది కుట్టి పంపుతారా, గుడ్డ మేమిస్తాం" అంది. అప్ప పావుగంట చొప్పున మొన్నటి నుంచి మొదలుపెట్టింది, మూడయ్యాయి.

గోడ మీద గీత తల దాటింది. గజపతినగరం మాస్టారూ, కరెంటు రోజుల్లో ఆసుపత్రికి దగ్గర్లో వంట చేసుకునే వీలున్న గది ఏదైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి. మూడు వారాలకి, ఇద్దరికి.

గజపతినగరం_రిటైర్డ్ · జులై 16, రాత్రి 7.30

ముందు ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడుగమ్మా, వసతి విషయం వాళ్ళకి తెలుస్తుంది. కుదరకపోతే దువ్వాడ స్టేషన్ వైపు మా పాత సహోద్యోగి ఇల్లుంది, కింద గది ఖాళీ. మాట్లాడి రేపు మెసేజ్ పెడతాను.